సస్పెండ్ వేళ బస్ ఎర్రర్: ప్రింట్‌కే, పీఎం టెస్ట్, ఎఫ్‌ట్రేస్, జేట్యాగ్‌లలో ఏది మేలు?

బోర్డు సస్పెండ్‌లోకి, అంటే పవర్ పొదుపు నిద్రలోకి, వెళ్తూ వెళ్తూ చచ్చిపోయింది. సీరియల్ కన్సోల్ మీద మిగిలిన మాట: "సింక్రనస్ ఎక్స్‌టర్నల్ అబార్ట్: 96000210". ఆర్మ్ 64 చిప్‌ల మీద లినక్స్ డ్రైవర్లు రాసేవారికి ఈ అంకె సొంత ఫోను నంబరంత బాగా గుర్తుంటుంది. పాత 32 బిట్ల ఓమ్యాప్ చిప్‌లతో వేగినవారికైతే 1028. రెండూ చెప్పేది దాదాపు ఒకటే. లినక్స్ గుండె అయిన కెర్నెల్ ఒక రిజిస్టర్‌ను (పరికరంతో మాట్లాడే చిన్న అరను) చదవబోయింది, ఆ రిజిస్టర్ ఉన్న బ్లాకుకు (చిప్‌లో ఆ పరికరం భాగానికి) అప్పటికే క్లాక్ (దాన్ని నడిపే టిక్కుల సంకేతం) ఆగింది లేదా పవర్ పోయింది, చిప్ లోపలి దారి అయిన బస్ జవాబుగా ఎర్రర్ పంపింది.

ఇంతవరకు చెప్పడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. పడుకున్న పరికరాన్ని తట్టింది ఎవరు, ఏ క్షణాన అన్నదే తేలదు. దాన్ని తేల్చడానికి మన చేతిలో ఉన్న పనిముట్లు నాలుగైదు. అయితే వీటిలో చాలావాటికి ఒక పాడు గుణం ఉంది: చూడటానికి వెళ్తే చాలు, పరికరాన్ని నిద్రలేపేస్తాయి. అందుకే ఏది ఎక్కువ చూపిస్తుందన్న దానికన్నా, ఏది తక్కువ కదిలిస్తుందన్న లెక్కతోనే నేను ఎంచుకుంటాను.

ముందుగా అందరి చేయీ వెళ్లేది కెర్నెల్ కోడ్ నుంచి సందేశాలు రాసే ప్రింట్‌కే మీదికే. నాదీ అంతే. డ్రైవర్ సస్పెండ్ ఫంక్షన్‌లో నాలుగు వరుసలు, ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లో (పరికరం పిలిచినప్పుడు నడిచే ఫంక్షన్‌లో) ఒకటి, బూట్ వరుసలో (బూట్ వేళ కెర్నెల్‌కు ఇచ్చే ఐచ్ఛికాలలో) "నో కన్సోల్ సస్పెండ్". 115200 బాడ్ సీరియల్ మీద ఒక్క అక్షరం వెళ్లడానికి సుమారు 87 మైక్రోసెకన్లు పడుతుంది. ఎనభై అక్షరాల వరుస అంటే ఏడు మిల్లీసెకన్లు. మనం వెతికే సందు కొన్ని మైక్రోసెకన్లదైతే, ఏడు మిల్లీసెకన్ల ఆలస్యంలో తప్పు మాయం కాకపోతేనే ఆశ్చర్యం. ఇంకో సంగతి చాలామందికి తట్టదు. "నో కన్సోల్ సస్పెండ్" పెడితే యూఆర్ట్ (సీరియల్ కన్సోల్‌ను నడిపే బ్లాకు) మేలుకునే ఉంటుంది. యూఆర్ట్, తప్పు చేస్తున్న బ్లాకు ఒకే పవర్ డొమైన్‌లో (పవర్ కలిసే వచ్చి, కలిసే పోయే గుంపులో) ఉంటే ఆ డొమైన్ మొత్తం మేలుకునే ఉంటుంది. అప్పుడు ఎర్రర్ రాదు, మనం బాగుపడిందనుకుంటాం.

నేనూ ఒకసారి ఇలాగే మోసపోయాను. ఒక బోర్డు మీద నలభై సార్లు సస్పెండ్ చేస్తే ఒకసారి అబార్ట్ వచ్చేది. ప్రింట్‌కేలు పెట్టగానే మాయమైంది. తీసేస్తే మళ్లీ ప్రత్యక్షం. రెండు రోజులు ప్రింట్‌కేల చోట్లు మారుస్తూ కూర్చున్నాను. చివరికి డీబగ్ ఎఫ్ఎస్‌లో (కెర్నెల్ లోపలి స్థితిని ఫైళ్లుగా చూపే చోట) పవర్ డొమైన్ల పట్టిక తెరిచి చూస్తే, యూఆర్ట్ పక్కనే నా పరికరం పేరు కనబడింది. ఆ పట్టిక చూడటానికి అర నిమిషం చాలు, మొదటి రోజే చూడవలసింది.

అందుకే ఇప్పుడు మొదట వాడేది పీఎం టెస్ట్. ఇది కొత్త సమాచారం ఇవ్వదు, వెతకవలసిన చోటును తగ్గిస్తుంది. కెర్నెల్‌లో పవర్ డీబగ్ ఐచ్ఛికం ఉంటే, సిస్ ఎఫ్ఎస్‌లోని (కెర్నెల్ అమరికలను, పరికరాలను ఫైళ్లుగా చూపే చోటులోని) పవర్ డైరెక్టరీలో ఈ ఫైలు కనిపిస్తుంది. అందులో ఒక మెట్టు పేరు రాసి సస్పెండ్ చేస్తే కెర్నెల్ అంతవరకే వెళ్లి, అయిదు సెకన్లు ఆగి, వెనక్కి వస్తుంది. మెట్లు వరుసగా ఫ్రీజర్, డివైసెస్, ప్లాట్‌ఫాం, ప్రాసెసర్స్, కోర్. డివైసెస్ దగ్గర ఎర్రర్ వస్తే తప్పు మామూలు సస్పెండ్ కాల్‌బ్యాక్‌ల (కెర్నెల్ పిలిచే డ్రైవర్ ఫంక్షన్ల) దశలో ఉంది. డివైసెస్ దాటి ప్లాట్‌ఫాం దగ్గర వస్తే అది ఆ తరువాతి లేట్, నోఐఆర్‌క్యూ (ఇంటరప్ట్‌లు ఆపేశాక వచ్చే) దశల్లోనో, ప్లాట్‌ఫాం కోడ్‌లోనో ఉంది. రెండు పూటల పని పది నిమిషాల్లో అయిపోతుంది.

దీనికి జోడీగా మరో రెండు చౌక ప్రయోగాలున్నాయి. పరికరం పవర్ డైరెక్టరీలోని కంట్రోల్ ఫైలులో "ఆటో" బదులు "ఆన్" రాస్తే రన్‌టైమ్ నిద్ర (సిస్టం మేలుకుని ఉండగానే పరికరం ఒక్కటే పడుకోవడం) ఆగుతుంది. బూట్ వరుసలో "క్లాక్ ఇగ్నోర్ అన్‌యూజ్డ్", "పీడీ ఇగ్నోర్ అన్‌యూజ్డ్" పెడితే, బూట్ చివర ఎవరూ వాడటం లేదని కెర్నెల్ ఆర్పే క్లాక్‌లు, డొమైన్లు వెలుగుతూనే ఉంటాయి. వీటితో ఎర్రర్ పోతే డ్రైవర్ తనకు కావలసిన క్లాక్‌నో డొమైన్‌నో అడగడం మరిచిందన్నమాట. ఇది రోగ నిర్ధారణ మాత్రమే. ఈ రెండు మాటలనూ బూట్ వరుసలో శాశ్వతంగా వదిలేసి సరుకు అమ్మేసిన ఉత్పత్తులూ ఉన్నాయి, బ్యాటరీ సాయంత్రానికే ఎందుకు అయిపోతోందో వాడేవారికి తెలియదు.

పీఎం టెస్ట్‌కూ ఒక లోటుంది. అది నిజంగా చిప్‌ను నిద్రపుచ్చదు. ఫర్మ్‌వేర్ పవర్ తీసేశాక రిజిస్టర్లలోని విలువలు పోయి, రెజ్యూమ్‌లో (తిరిగి మేలుకునేటప్పుడు) వచ్చే తప్పులను అది పట్టుకోలేదు.

చోటు తెలిశాక క్షణం కావాలి. దానికి కెర్నెల్ లోపలి ఘటనలను సమయంతో సహా నమోదు చేసే ఎఫ్‌ట్రేస్‌ను మించింది లేదు. రాత అంతా ర్యామ్‌లోకే, సీరియల్ జోలికి పోదు, ఒక్కో నమోదు మైక్రోసెకన్ల లెక్కలోనే. డివైస్ పీఎం కాల్‌బ్యాక్ మొదలు, ముగింపు, ఐఆర్‌క్యూ హ్యాండ్లర్ ఎంట్రీ, క్లాక్ డిసేబుల్ ఈవెంట్లు మాత్రం తెరిచి ఉంచుతాను. అన్నీ తెరిస్తే గడ్డివాములో సూది వెతకడమే. ఊప్స్ (కెర్నెల్ తన తప్పును ప్రకటించే నివేదిక) వచ్చినప్పుడు ట్రేస్‌ను కుమ్మరించే ఐచ్ఛికం పెట్టి, కన్సోల్ రాతను ర్యామూప్స్ ర్యామ్‌లో ఒక మూల దాచుకునేలా చేస్తే, వార్మ్ రీసెట్ (పవర్ పోకుండా రీబూట్) తరువాత పీస్టోర్ డైరెక్టరీలో అంతా దొరుకుతుంది. పవర్ పూర్తిగా తీసేస్తే మాత్రం దొరకదు. బఫర్ చిన్నదిగా పెట్టుకోవడం మంచిది, లేకపోతే కుమ్మరింపు అయ్యేలోగా టీ తాగి రావచ్చు.

నా బోర్డు గుట్టు రట్టు చేసింది ఇదే. ట్రేస్‌లో నా పరికరం సస్పెండ్ కాల్‌బ్యాక్ ముగిసింది, క్లాక్ ఆగింది, పదకొండు మైక్రోసెకన్ల తరువాత నా ఇంటరప్ట్ హ్యాండ్లర్ మొదలైంది, అక్కడితో ట్రేస్ ఆగింది. పిలిచింది నా పరికరం కాదు. అదే ఇంటరప్ట్ తీగను పంచుకున్న పక్క పరికరం. తీగ ఉమ్మడిదైతే కెర్నెల్ ఇద్దరి హ్యాండ్లర్లనూ పిలుస్తుంది, నాది "నాకేనా" అని తెలుసుకోవడానికి స్టేటస్ రిజిస్టర్ చదివింది. తీగనే మూసేస్తే పక్కవాడి నోరు నొక్కినట్టవుతుంది. కాబట్టి సస్పెండ్‌లో ముందు "పడుకున్నాను" అన్న జెండా ఎత్తి, సింక్రనైజ్ ఐఆర్‌క్యూతో నడుస్తున్న హ్యాండ్లర్ ముగిసేదాకా ఆగి, ఆ తరువాతే క్లాక్ ఆపాను. హ్యాండ్లర్ మొదటి వరుసలో జెండా చూసి, రిజిస్టర్ తాకకుండానే "నాది కాదు" అని వెనుదిరుగుతుంది. ఈ మూడింటి వరుస తారుమారైతే సందు మళ్లీ తెరుచుకుంటుంది.

చదవడంలో వచ్చే ఎర్రర్ ఇంత మర్యాదగా ఉంటుంది, రాయడంలో వచ్చేది అలా కాదు. ప్రాసెసర్ రాత పంపేసి ముందుకు సాగిపోతుంది, ఎర్రర్ తరువాతెప్పుడో ఎస్ఎర్రర్‌గా వస్తుంది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు. అప్పుడు బ్యాక్‌ట్రేస్‌లో (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే జాబితాలో) కనిపించే ఫంక్షన్ తరచుగా నిర్దోషి. అనుమానమున్న ప్రతి రాత వెనుక అదే బ్లాకులోని ఒక రిజిస్టర్‌ను చదివించి చూడండి, ఎర్రర్ తన సొంత చోటికి దగ్గరగా వస్తుంది.

బయటి నుంచి చిప్‌కు డీబగ్గర్‌ను తగిలించే జేట్యాగ్ గురించి చిన్నగానే చెబుతాను. డబ్బు పెట్టి కొన్నారు కదా అని ముందే తగిలించకండి. ఆర్మ్ చిప్‌లో డీబగ్గర్ తగిలితే అది డీబగ్ పవర్‌ను, చాలాసార్లు సిస్టం పవర్‌ను కూడా మేలుకొని ఉండమని అడుగుతుంది. నిద్రలో వచ్చే తప్పును వెతకడానికి నిద్రే రానివ్వని కాపలాదారును పెట్టుకున్నట్టు. బస్ ఎర్రర్ కూడా చెప్పకుండా పూర్తిగా మౌనం వహించే చిప్‌లూ ఉన్నాయి. అక్కడ ప్రాసెసర్ జవాబు కోసం చూస్తూ బిగుసుకుపోతుంది, జేట్యాగ్ ఆపమన్నా తరచుగా ఆగదు. అలాంటప్పుడు పీస్టోర్ ఎఫ్‌ట్రేస్ నయం, వాచ్‌డాగ్ (బిగుసుకున్న చిప్‌ను రీసెట్ చేసే టైమర్) రీసెట్ తరువాత చివరి ఫంక్షన్ పేరైనా మిగులుతుంది. జేట్యాగ్ నిజంగా పనికొచ్చేది బూట్‌రోమ్, ఫర్మ్‌వేర్ దశలో, కెర్నెల్ ఇంకా కళ్లు తెరవకముందు. తీగల మీది సంకేతాలను చూపే లాజిక్ ఎనలైజర్‌ది వేరే ఊరు. ఐ2సీ, ఎస్పీఐ తీగలు చిప్ బయట ఉంటాయి కాబట్టి చూడగలదు, చిప్ లోపలి ఏఎక్స్ఐ బస్ దానికి కనిపించదు.

పీసీల మీద కథ వేరు. పీసీఐఈ (పీసీల విస్తరణ బస్) పరికరం డీ3కోల్డ్‌లో (పవర్ పూర్తిగా తీసేసిన నిద్రలో) ఉండగా చదివితే సాధారణంగా అబార్ట్ రాదు, అన్ని బిట్లూ ఒకట్లుగా 4294967295 వస్తుంది. డ్రైవర్ దాన్ని నిజమైన విలువే అనుకుని లూప్‌లో తిరుగుతుంది. ఇక్కడ మొదటి పరీక్ష సిస్ ఎఫ్ఎస్‌లో ఆ పరికరం "డీ3కోల్డ్ అలౌడ్" ఫైలులో సున్నా రాసి చూడటం.

నా బోర్డుకు చివరి పరీక్ష ఆర్టీసీవేక్‌తో (నిద్రపుచ్చి, గడియారం అలారంతో లేపే పనిముట్టుతో). అయిదు సెకన్ల నిద్ర, అయిదు సెకన్ల మెలకువ, రాత్రంతా. ఈసారి "నో కన్సోల్ సస్పెండ్" తీసేశాను, ప్రింట్‌కే ఒక్కటి కూడా ఉంచలేదు. పొద్దున చూస్తే లెక్క 2400 దాటింది, పీస్టోర్ డైరెక్టరీ ఖాళీగా ఉంది.