గిట్ బైసెక్ట్: బగ్ ఏ కమిట్‌లో దూరిందో పట్టిచ్చే పనిముట్టు

"పోయిన రిలీజ్‌లో బాగానే ఉంది, ఇప్పుడు పనిచేయట్లేదు" అని బగ్ రాగానే చాలామంది కోడ్ తెరిచి, అనుమానం వచ్చిన చోటల్లా ప్రింట్‌లు పెడతారు. కోడ్‌లో చేసిన మార్పుల చరిత్రను దాచే గిట్‌లోని బైసెక్ట్ ఆదేశం ఆ అలవాటు మాన్పిస్తుంది. ఎందుకు పాడైందో తర్వాత చూద్దువుగాని, ఎప్పుడు పాడైందో ముందు తేల్చుకోమంటుంది. గిట్‌తోపాటే వస్తుంది కాబట్టి విడిగా ఇన్‌స్టాల్ చేసే పని లేదు.

"గిట్ బైసెక్ట్ స్టార్ట్" కొట్టాలి. పాడైన కమిట్ (గిట్‌లో ఒకసారి దాచిన మార్పుల కట్ట) మీద నిలబడి "గిట్ బైసెక్ట్ బ్యాడ్" అనాలి. తర్వాత "గిట్ బైసెక్ట్ గుడ్" పక్కన, పనిచేసిన పాత ట్యాగ్ (కమిట్‌కు తగిలించిన గుర్తు) పేరు ఇవ్వాలి. మధ్యలో ఉన్న కమిట్‌ను అదే చెకౌట్ చేసి, అంటే అప్పటి కోడ్‌ను తెరిచి, ముందు పెడుతుంది. మనం మంచీ చెడూ చెప్పిన ప్రతిసారీ దాదాపు సగం జాబితా ఎగిరిపోతుంది. వెయ్యి కమిట్లున్నా 10 సార్లు చూస్తే తేలిపోతుంది. పాత ట్యాగ్‌ను మాత్రం నడిపి చూడకుండా గుడ్ అనకండి. బగ్ అప్పటికే అందులో ఉంటే, చివరికి దొరికేది ఏ పాపమూ ఎరగని కమిట్.

దీని అసలు బలం "గిట్ బైసెక్ట్ రన్". బగ్ ఉందో లేదో చూసే స్క్రిప్ట్ ఇస్తే వెతుకులాటంతా తనే చేసుకుంటుంది. స్క్రిప్ట్ ముగిసేటప్పుడు ఇచ్చే అంకె, అంటే ఎగ్జిట్ కోడ్, 0 అయితే గుడ్, 125 అయితే ఆ కమిట్‌ను వదిలేయమని, 1 నుంచి 127 దాకా మిగతావన్నీ బ్యాడ్. 128, ఆపైన వస్తే పని అక్కడే ఆగిపోతుంది. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. మధ్యలో ఏదో కమిట్ అసలు బిల్డే కాదు, స్క్రిప్ట్ 1 ఇస్తుంది, మన బగ్‌తో సంబంధం లేకపోయినా దానికి బ్యాడ్ ముద్ర పడుతుంది. బిల్డ్ లైన్‌ను "మేక్ || ఎగ్జిట్ 125" (బిల్డ్ కాకపోతే 125 ఇచ్చి తప్పుకో) అని రాస్తే ఈ బాధ ఉండదు. స్క్రిప్ట్‌ను రిపోజిటరీ (గిట్ చూసుకునే ప్రాజెక్ట్ ఫోల్డర్) బయట పెట్టండి. లోపల కమిట్ చేసి ఉంటే చెకౌట్‌తోపాటు అదీ మారిపోతుంది, పాత కమిట్లలో అసలు ఉండకపోవచ్చు కూడా. డిపెండెన్సీలు (ప్రాజెక్ట్ వాడుకునే బయటి లైబ్రరీలు) మారే ప్రాజెక్టయితే వాటి ఇన్‌స్టాల్ లైన్ కూడా స్క్రిప్ట్‌లోనే ఉండాలి.

అప్పుడప్పుడూ కనిపించే బగ్‌లకు ఒక్కసారి నడిపితే సరిపోదు. అయిదింట ఒకసారి వచ్చే బగ్ 10 సార్లు నడిపినా కనిపించకుండా పోయే అవకాశం దాదాపు 11 శాతం. 20 సార్లు నడిపితే అది 1 శాతం దగ్గరకు దిగుతుంది. స్క్రిప్ట్‌లో లూప్ పెట్టి, ఒక్కసారి ఫెయిలైనా బ్యాడ్ అనిపించండి.

మధ్యలో పొరపాటున తప్పు చెప్పినా మొదటికి రానక్కర్లేదు. "గిట్ బైసెక్ట్ లాగ్"ను ఫైల్లోకి తీసి, తప్పు లైన్ చెరిపి, "గిట్ బైసెక్ట్ రీసెట్" చేసి, ఆ ఫైల్‌తో "రీప్లే" ఇస్తే చాలు.

పది ఫీచర్లను ఒకే కమిట్‌గా స్క్వాష్ చేసే టీముల్లో మాత్రం ఇది పెద్దగా అక్కరకు రాదు. మూడు వేల లైన్ల కమిట్‌ను చూపించి ఊరుకుంటుంది, ఆ మూడు వేల లైన్లలో మళ్ళీ ప్రింట్‌లతోనే వెతుక్కోవాలి.