కొండ, కాలేజీ, పెద్దాసుపత్రి: మావాణ్ణి ఏడాది పంపించాక

మా ఆయన కువైట్‌లో డ్రైవరు. రెండేళ్లకోసారి వస్తారు, నలభై రోజులుండి వెళ్తారు. తిరుపతి కొర్లగుంటలో నాకు బ్లౌజులు కుట్టే షాపుంది, పైన ఇల్లు. మావాడు పది పాసై ఇంటర్ ఎంపీసీలో చేరిన దగ్గర్నుంచి ఇంట్లో నోరు విప్పడం మానేశాడు. అన్నం పెడితే తినడం, తలుపేసుకోవడం. వాళ్ల నాన్న వీడియో కాల్ చేస్తే "ఆఁ, బాగున్నా" అని ఫోన్ నా చేతిలో పెట్టేవాడు. బయటికి పోవాలంటే షాపు ముందు నుంచి కాదు, వెనక సందులోంచి. స్నేహితుల అమ్మలు నా దగ్గరే కుట్టించుకుంటారు కదా, వాళ్ల కంట పడకూడదని.

నా కస్టమర్ ఒకావిడ చెబితే పోయిన జూన్‌లో, మగపిల్లలకు ఆదివారాల్లో నడిపే ఈ ప్రోగ్రామ్‌లో చేర్పించాను. 14 నుంచి 17 ఏళ్ల మగపిల్లలకు మాత్రమే. ఏడాదికి 9,000, మూడు కంతులు. నెలలో మూడు ఆదివారాలు. ఒక వారం కొండకో అడవికో తీసుకెళ్తారు, ఒక వారం ఇంటర్ తర్వాత చదువుల గురించి కూర్చోబెట్టి చెబుతారు, ఇంకో వారం సేవ. ట్యూషన్ కాదు, ముందే చెబుతున్నా. లెక్కలు, ఫిజిక్స్ చెప్పరు. అవి కూడా చెబుతారనుకుని చేర్పించినవాళ్లు ఇద్దరు రెండో నెలకే మాన్పించేశారు.

నడిపేది మిలిటరీ నుంచి రిటైరైన సుబేదార్ సార్, డిగ్రీ కాలేజీలో చేసి రిటైరైన లెక్చరర్ సార్. ఐదుగురు పిల్లలకు ఒక అన్న ఉంటాడు. మావాడికి వచ్చిన అన్న బ్యాంకులో పనిచేస్తాడు. అన్నలకు జీతాలేమీ లేవు, ఇష్టపడి వచ్చేవాళ్లే.

మొదటి ఆదివారం శ్రీవారి మెట్టు ఎక్కించారు. 2,388 మెట్లు. అలిపిరి దారిలో 3,550 ఉన్నా అక్కడక్కడా చదునుగా నడిచే చోట్లుంటాయి, ఊపిరి తీసుకోవచ్చు. ఇది అలా కాదు, దూరం తక్కువ, ఎక్కుడు ఎక్కువ. నేను ఆ రోజు మిషన్ మీద కూర్చున్నానన్న మాటే గానీ ఒక్క బ్లౌజూ ముందుకు సాగలేదు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఆరేళ్ల పాపను పొట్టన పెట్టుకుంది కదా, అప్పట్నుంచి నాకు ఆ కొండ దారులంటే టెన్షనే. పొద్దున్నే ఎక్కడం మొదలుపెట్టి, ఎండ ముదరకముందే అందర్నీ పైకి చేర్చి, ఫోన్ చేసి చెప్పారు. ఆ విషయంలో వంక పెట్టడానికి లేదు.

ఇంటికొచ్చాక మావాడి ముఖం కందగడ్డలా ఉంది. ఏమైందిరా అంటే చెప్పడు. రాత్రి దోసెలు వేస్తుంటే తనే మొదలుపెట్టాడు. వీడు అందరికంటే ముందు పరుగు తీసి పైకి చేరిపోయాడట. కింద ఒక లావుపాటి పిల్లాడు ఎక్కలేక కూర్చుండిపోతే, సుబేదార్ సార్ వీణ్ణి మళ్లీ కిందికి పంపించారట. "నాలుగొందల మెట్లు దిగి, వాడి బ్యాగు మోసుకుంటూ మళ్లీ ఎక్కినా మ్మా. ఫస్ట్ వచ్చినందుకు పనిష్మెంటా?" అని అడిగాడు. నాకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. వాడు నాతో అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడి మూడు నెలలైంది మరి. ఆ లావుపాటి పిల్లాడే ఇప్పుడు మా ఇంట్లో వారానికి రెండుసార్లు భోంచేస్తాడు, అది వేరే కథ.

అలాగని అన్నీ బాగా జరిగాయని కాదు. నవంబర్‌లో తలకోన తీసుకెళ్లారు. భాకరాపేట ఘాటు మీదుగా పోవాలి, అదే నాకు సగం భయం. సాయంత్రం ఆరింటికి తిరుపతిలో ఉంటామన్నారు. ఏడైంది, ఎనిమిదైంది, ఎవరి ఫోనూ కలవదు. ఆ అడవిలో సిగ్నల్ ఉండదని అందరికీ తెలుసు, మరి భాకరాపేటకి వచ్చాకైనా ఒక మెసేజ్ పెట్టొచ్చు కదా! తొమ్మిదిన్నరకి వ్యాను దిగారు. టైరు పంచరైందట, స్టెప్నీలో గాలి లేదట. పదిహేడు మంది పిల్లల్ని ఘాటులో తిప్పే బండికి స్టెప్నీ చూసుకోకుండా ఎలా బయల్దేరతారండీ? అక్కడే రోడ్డు మీద నిలబెట్టి సుబేదార్ సార్‌ని అడిగేశాను. ఆయన ఏమీ సర్దిచెప్పుకోలేదు, "తప్పు మాదేనమ్మా" అన్నారు. తర్వాతి ట్రిప్పు నుంచి బండి ఎక్కేముందు పిల్లల చేతే స్టెప్నీ, జాకీ చూపిస్తున్నారు, ప్రతి గంటకీ గ్రూపులో మెసేజ్ వస్తోంది. ఫస్ట్ ఎయిడ్ డబ్బా మాత్రం ఇప్పటికీ సగం ఖాళీయే. నేను చూశాను.

మావాడికి మాత్రం పంచరైన సంగతి గుర్తే లేదు. 270 అడుగుల నుంచి పడే ఆ నీళ్ల కింద నిలబడితే తల మీద ఎవరో గుద్దుతున్నట్టు ఉందని, సిద్ధేశ్వర స్వామి గుడి దగ్గర కోతి ఒకటి అన్న చేతిలోంచి పులిహోర పొట్లం లాక్కుపోయిందని అదే పనిగా చెప్పాడు. ఎర్రచందనం చెట్టు మాత్రం వాడు అదే మొదటిసారి దగ్గర్నుంచి చూడడం. శేషాచలం కొండల కింద పుట్టి పెరిగినవాడు, ఎర్రచందనం అంటే పేపర్లో పట్టుబడిన దుంగలే అనుకున్నాడు. బెరడు ముట్టుకుంటే మొసలి చర్మంలా పలకలు పలకలుగా ఉందట.

కాలేజీ సంగతుల క్లాసులే ఈ ప్రోగ్రామ్‌లో అన్నిటికంటే విలువైనవి. పిల్లల్ని బయట చదివించే తల్లిదండ్రులు ఇది మాత్రం శ్రద్ధగా చదవండి.

లెక్చరర్ సార్ మొదటి క్లాసులోనే పదో తరగతి మార్కుల మెమో, ఆధార్ పక్కపక్కన పెట్టి పేరు అక్షరం అక్షరం చూసుకోమన్నారు. మావాడికి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంది. పుట్టిన తేదీ సరిగ్గానే ఉంది, అదృష్టం. క్లాసులో సగం మందికి ఇలాంటిదే ఏదో ఒక తేడా. జేఈఈ అప్లికేషన్ నింపేటప్పుడు తెలిస్తే అప్పుడు పరుగులు పెట్టాలి. నేను తీసుకెళ్తానన్నా సార్ ఒప్పుకోలేదు, "వాడే పోవాలమ్మా" అన్నారు. మావాడు ఆధార్ సెంటర్‌కి రెండుసార్లు పోయాడు. మొదటిసారి ఒరిజినల్ లేకుండా పోయి తిట్లు తిని వచ్చాడు. రెండోసారి పని చేసుకొచ్చాడు. ఆ స్లిప్పు ఇప్పటికీ పర్సులో పెట్టుకుని తిరుగుతాడు, ఏదో మెడల్ అన్నట్టు.

మేము బీసీ. నాకు తెలిసిందల్లా సచివాలయంలో ఇచ్చే కులం సర్టిఫికెట్. అది మన రాష్ట్రం సీట్లకు సరిపోతుంది గానీ ఐఐటీలు, ఎన్‌ఐటీల సీట్లకు జోసా కౌన్సెలింగ్‌లో చెల్లదట. కేంద్రం ఫార్మాట్‌లో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ (బీసీల్లో బాగా ఉన్నవాళ్ల కింద రామని చెప్పేది) కావాలి, అదీ ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చినదై ఉండాలి. రెండేళ్లకు లక్షలు కట్టించుకునే కాలేజీలో ఈ ముక్క ఎవరూ చెప్పలేదు మాకు.

ఇంకోటి. పిల్లలందరికీ తెలిసింది రెండే, ఎంసెట్, జేఈఈ. (ఎంసెట్ పేరు ఈఏపీసెట్ అయ్యి ఏళ్లు గడిచినా మా నోట్లో ఎంసెట్టే.) మన ఊరికి ముప్పై కిలోమీటర్ల లోపే, ఏర్పేడు దగ్గర, ఐఐటీతో పాటు ఐసర్ (సైన్సు చదువులకు కేంద్రం పెట్టిన సంస్థ) కూడా ఉంది. రెండూ 2015లోనే మొదలయ్యాయి. ఐసర్‌లో చదివే ఒక అమ్మాయిని పిలిపించి మాట్లాడించారు. డిగ్రీ, పీజీ కలిపి ఐదేళ్ల బీఎస్-ఎంఎస్, దానికి వేరే పరీక్ష, 60 ప్రశ్నలు, 240 మార్కులు. లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీతో పాటు బయాలజీ కూడా రాయాలి. ఎంపీసీ పిల్లలంతా "బయాలజీనా!" అని గోల. ఆ అమ్మాయి తానూ ఎంపీసీయేనని, పదో తరగతి దాకా చదివినది దుమ్ము దులిపితే కొంత లాగొచ్చని చెప్పిందట. మావాడు ఐసర్‌కి పోతాడో లేదో నాకు తెలీదు. పోయిన వారం అటక మీద నుంచి పదో తరగతి బయాలజీ పుస్తకం మాత్రం దించాడు.

ఈఏపీసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంటుందని బోర్డు మీద ఒక ఉదాహరణ వేసి లెక్క చేయించారు. వెబ్ ఆప్షన్లు, అంటే కౌన్సెలింగ్‌లో ఏ కాలేజీ, ఏ బ్రాంచి కావాలో వరసగా ఇచ్చేవి, అవి కూడా కాగితం మీద రాయించారు. అందరూ కంప్యూటర్స్, కంప్యూటర్స్, కంప్యూటర్స్ అని రాసిస్తే లెక్చరర్ సార్ పాత కౌన్సెలింగ్ చివరి ర్యాంకుల కాగితం చేతిలో పెట్టి, మళ్లీ రాయమన్నారు. ఒక ఆదివారం మొత్తం దానికే పోయింది. పిల్లలకు బోరు కొట్టిందట. నాకైతే ఆ ఒక్క రోజుకే ఒక కంతు గిట్టుబాటైంది.

సేవ విషయానికొస్తే, సగం ఆదివారాలు స్వర్ణముఖి ఒడ్డున ప్లాస్టిక్ కవర్లు ఏరించారు. మంచిదే గానీ, వచ్చే నెలకి మళ్లీ అన్ని కవర్లూ అక్కడే ఉంటాయి, పిల్లలకు విసుగు. తిరుమలలో శ్రీవారి సేవ చేయిస్తారేమో అని నేను ఆశపడ్డాను, దానికి 18 నిండాలట. బాగా జరిగింది పెద్దాసుపత్రిలో. ఆదివారం ఓపీ ఉండదు కాబట్టి దసరా సెలవుల్లో ఐదు రోజులు పెట్టారు. ఓపీ చీటీ తీసుకున్న తర్వాత ఏ గదికి పోవాలో తెలియక తిరిగే పల్లెటూరివాళ్లకు దారి చూపించడం, అంతే పని.

పులిచెర్ల నుంచి ఒక పెద్దాయన మోకాలి ఎక్స్‌రే కవరు పట్టుకుని ఒకే వరండాలో మూడుసార్లు తిరిగాడట. చీటీ మీద గది నంబరు ఉంది, ఆయనకు చదవడం రాదు. మావాడు తీసుకెళ్లి, లైన్లో తను నిలబడి, ఆయన్ని బెంచీ మీద కూర్చోబెట్టాడు. రెండు గంటలు. డాక్టరు చెప్పిన మాత్రలు ఏది పొద్దున, ఏది రాత్రి అని కవర్ల మీద సూర్యుడు, చంద్రుడు బొమ్మలేసి ఇచ్చాడు. ఆ ఉపాయం ఎవరూ చెప్పలేదు, వాడికే తట్టింది. "ఎవురి పిల్లోడివి నాయనా" అని ఆయన సంచిలోంచి రెండు సీతాఫలాలు తీసిచ్చాడట. ఒకటి మాగలేదు. వాడే తెచ్చి బియ్యం డబ్బాలో పెట్టాడు, రెండు రోజులు పొద్దున లేవగానే నొక్కి చూసుకున్నాడు.

ఇక్కడే ఇంకో ఫిర్యాదు. ఆ ఐదు రోజుల ఫోటోలు వాళ్ల ప్రచారానికి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేశారు, జబ్బుతో ఉన్నవాళ్ల ముఖాలు కనబడేటట్టు. ఆ పెద్దాయన కూడా ఉన్నాడు. ఫోన్ చేసి అడిగాను, అదే రోజు తీసేశారు. ఇంకొకరు అడిగేదాకా ఉండకూడదు కదా అలాంటివి.

మేలో గంగమ్మ జాతర వచ్చింది. బయటి ఊళ్లవాళ్లకు చెప్పాలంటే, తాతయ్యగుంట గంగమ్మకు మొక్కుకుని తిరుపతిలో మగవాళ్లు చీర కట్టి, పూలు పెట్టుకుని వేషం వేస్తారు. ఆ వారం నాకు మగవాళ్ల బ్లౌజుల ఆర్డర్లే ఎక్కువ. చంక దగ్గర గుడ్డ ఎక్కువ వదలాలి, చేయి ఎత్తితే పిగిలిపోతుంది. వీళ్ల బ్యాచ్‌ది జాతరలో అంబలి, మజ్జిగ పంచే పందిరి. ఎవరెవరు వేషం కడతారని సుబేదార్ సార్ అడిగితే మొదట అందరూ నేల చూపులే. "నేను కడుతున్నా" అని ఆయనే అన్నారట.

ఆ సాయంత్రం మావాడు నలుగురు పిల్లల్ని వెంటేసుకుని షాపు ముందు మెట్లెక్కి లోపలికొచ్చాడు. ముగ్గురు కస్టమర్లున్నారు. "మా అమ్మే కుడతుందిరా, రండి. మ్మా, వీళ్లకి కొలతలు తీసుకో" అన్నాడు. లావుపాటి వాడికి 42 వచ్చింది, నా టేపు చూసి వాడే నవ్వాడు. హుక్కులన్నీ మావాడు కుట్టాడు, సగం వంకర. రాత్రి వాళ్ల నాన్నకు ఫోన్ చేసి చూపించాడు. పెళ్లికి ముందు తనూ మాతంగి వేషం కట్టానని, కొప్పు జారిపోతే ఏం చేశారో ఆయన చెప్పుకుంటూ పోయారు, వీడు అడుగుతూ పోయాడు. ఫోన్ నా చేతికి రానేలేదు.

ఇక చేరాలనుకునేవాళ్లకి. మీ పిల్లాడి కాలేజీలో ఆదివారం పరీక్షలు పెడతారేమో ముందే కనుక్కోండి. మావాడు అందువల్ల తొమ్మిది వారాలు పోగొట్టుకున్నాడు, ఆ డబ్బు తగ్గించరు. అడివికి పోయే వారం బూట్లు మంచివి వేయండి, తలకోనలో ఒకడి సోలు ఊడిపోతే చెప్పుల తాడుతో కట్టుకుని నడిచాడు. మా కస్టమర్ కూతురు తొమ్మిదో తరగతి, "మాకెందుకు లేదు ఆంటీ" అంటోంది. ఆ మాట నేను వాళ్లకు చేరవేశాను, చూద్దామన్నారు.

ఐదుకి నాలుగిస్తాను. ఈ ఏడాదికి మొదటి కంతు కట్టేశాను. రసీదు మాత్రం అడిగి తీసుకోండి, అడక్కపోతే ఇవ్వరు.