పెన్షన్ సగం అమ్ముకోవాలా, నెలనెలా పూర్తిగా తీసుకోవాలా: ఏది మేలు?

డిశ్చార్జికి కొన్ని నెలల ముందే జవాను నింపాల్సిన కాగితాల్లో ఒక ప్రశ్న ఉంటుంది: పెన్షన్‌లో ఎంత శాతం కమ్యూట్ చేస్తారు? చాలామంది పక్కవాడు రాసింది చూసి 50 అని రాసి సంతకం పెట్టేస్తారు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని మిలటరీ మాధవరం అనే పిలుస్తారు. తరతరాలుగా సైన్యానికి మనుషులను పంపిన ఊళ్లున్న డెల్టా మనది. ఇక్కడ కూడా ఈ లెక్క కాగితం మీద వేసి చూసుకునేవాళ్లు తక్కువే.

కమ్యుటేషన్ అంటే నెలనెలా వచ్చే పెన్షన్‌లో కొంత భాగాన్ని ప్రభుత్వానికి అమ్మి, దాని బదులు ఒకేసారి డబ్బు తీసుకోవడం. సైనికులు సగం దాకా అమ్మొచ్చు. కేంద్రంలో సివిల్ ఉద్యోగులకు 40 శాతమే. అమ్మిన భాగం 15 ఏళ్ల తర్వాత తిరిగి కలుస్తుంది.

హవల్దారుగా రిటైరైన ఒకాయన చివరి జీతం 48,000, బేసిక్ పెన్షన్ 24,000 అనుకుందాం. వచ్చే పుట్టినరోజుకు ఆయనకు 40 నిండుతాయి. ఆ వయసుకు ప్రభుత్వ కమ్యుటేషన్ పట్టికలో గుణకం 9.09. సగం, అంటే 12,000 అమ్మితే 12,000ను 12తోనూ 9.09తోనూ గుణించాలి. చేతికి 13 లక్షల 9 వేల దాకా వస్తుంది. బదులుగా 15 ఏళ్లలో కోత పడేది 21 లక్షల 60 వేలు.

ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి ‘ఎనిమిదిన్నర లక్షలు నష్టం’ అనేవాళ్లుంటారు. అది సరైన లెక్క కాదు. ఇవాళ చేతికొచ్చే రూపాయీ పదిహేనో ఏట వచ్చే రూపాయీ ఒకటి కావు కదా. దీన్ని అప్పుగా భావించి వడ్డీ లెక్క కడితే ఏడాదికి 7.3 శాతం దగ్గర తేలుతుంది. నిర్ణయమంతా ఈ అంకె మీదే ఆధారపడుతుంది. మీరు ఆ డబ్బుతో చేయబోయే పని 7.3 కంటే ఎక్కువ మిగిలిస్తుందా, తక్కువా?

డీఏ, అంటే కరువు భత్యం దగ్గర చాలామంది పొరబడతారు. సగం అమ్మితే డీఏ కూడా సగమవుతుందని భయం. అలా కాదు, డీఏ పూర్తి 24,000 మీదే లెక్కిస్తారు. 2025 జులై నాటి 58 శాతం చొప్పున అది 13,920. అంటే అమ్మనివాడికి నెలకు 37,920 వస్తే, సగం అమ్మినవాడికి 25,920 వస్తుంది. తగ్గేది ఆ 12,000 మాత్రమే. రేపు ఓఆర్ఓపీ (ఒకే ర్యాంకు, ఒకే పెన్షన్) సవరణలోనో పే కమిషన్‌లోనో పెన్షన్ పెరిగినా కోత ఆ పన్నెండు వేల దగ్గరే ఆగుతుంది.

ఇంతకంటే పెద్ద అనుమానం ఇంట్లో ఆడవాళ్లది: ‘ఈయనకేమైనా అయితే నాకొచ్చేదీ సగమేనా?’ కాదమ్మా. ఫ్యామిలీ పెన్షన్‌ను చివరి జీతం మీద లెక్క కడతారు, అమ్మినా అమ్మకపోయినా అంతే వస్తుంది. మన హవల్దారు రిటైరైన మూడేళ్లకు పోయాడనుకుందాం. ఆయన భార్యకు మొదటి ఏడేళ్లు నెలకు 24,000, ఆ తర్వాత 30 శాతం లెక్కన 14,400, పైన డీఏ. పైగా కమ్యుటేషన్‌లో మిగిలిన కోతను ఆమె దగ్గర వసూలు చేయరు. 13 లక్షలు తీసుకుని నాలుగు లక్షల ముప్పై వేలే తీర్చినట్టు లెక్క. బ్యాంకు అప్పులో ఈ సౌకర్యం ఉండదు. అందుకే ‘పెన్షన్ అమ్మితే పెళ్లాం పిల్లలకు అన్యాయం’ అనే మాటను నేను ఒప్పుకోను. అన్యాయం జరిగితే ఆ డబ్బు వాడిన తీరు వల్లే జరుగుతుంది.

మన దగ్గర అప్పు నూటికి రూపాయి వడ్డీకి దొరికితే చవక అనుకుంటారు. అదే ఏడాదికి 12 శాతం. రెండు రూపాయలైతే 24. చెల్లి పెళ్లికో, నాన్న ఆపరేషన్‌కో చేసిన అలాంటి అప్పు నెత్తిన ఉంటే ఆలోచించడానికేమీ లేదు, సగం అమ్మి వెంటనే తీర్చేయాలి. ఇంటి లోన్ ఎనిమిదిన్నర, తొమ్మిది శాతం మీద నడుస్తున్నా కమ్యుటేషన్ వైపే మొగ్గు. ఇంకా కట్టని ఇంటికి కొత్తగా లోన్ పెట్టే ఆలోచన ఉన్నా ఇదే వర్తిస్తుంది.

ఎఫ్‌డీలో వేయడానికైతే అమ్మొద్దు. బ్యాంకు వడ్డీ ఏడు దాటడమే గగనం. 7.3కు తెచ్చి ఏడుకు వేయడం దేనికి? సీనియర్ సిటిజన్ స్కీములో 8.2 శాతం ఉంది కానీ, మాజీ సైనికులకు 50 నిండితే గానీ అందులో చోటు లేదు. నలభై ఏళ్లవాడికి అది పనికిరాదు. కమ్యుటేషన్ డబ్బుకు పన్ను లేదన్నది నిజమే, అయితే ఈ స్థాయి పెన్షన్‌కు ఎటూ పన్ను పడదు. ఆ లాభం ఆఫీసర్లకు.

ఇక చెరువులు. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు డిశ్చార్జి డబ్బు రొయ్యల చెరువు లీజుల్లోకి వెళ్లిపోతూ ఉంటుంది. ‘బావా, రెండు పంటలు తీస్తే పెట్టుబడి వచ్చేస్తుంది’ అని ఎవరో ఒకరు చెబుతారు. కలిసొస్తే నిజంగానే వస్తుంది. తెల్లమచ్చ వైరస్ పడితే పంటంతా పోతుంది. 2025లో అమెరికా సుంకాలు పెంచాక రేటుకు ఏమైందో రైతులను అడగండి. పదిహేనేళ్లు ఉద్యోగంలో ఉండి వచ్చినవాడికి మేత, నీళ్లు, పీహెచ్ తెలియవు. నేర్చుకునేది సొంత డబ్బుతోనే. చెరువే చేయాలనుంటే గ్రాట్యుటీలో కొంత తీసి, అనుభవమున్నవాళ్లతో చిన్న వాటాగా మొదలుపెట్టండి. పెన్షన్ ముట్టుకోవద్దు. పొలం కొందామంటారా, ఇప్పటి ధరలకు డెల్టాలో 13 లక్షలకు ఎకరం దొరకడమే కష్టం. పైగా కౌలు మీద వచ్చే రాబడి 7.3 శాతానికి చాలా దూరం. పొలం ధర పెరుగుతుందన్న ఆశ ఒక్కటే దాని వాదన.

ఇంకో సంగతి. కమ్యుటేషన్ లేకపోయినా రిటైరయ్యే రోజున చేతికి డబ్బు వస్తుంది: గ్రాట్యుటీ, ఏఎఫ్‌పీపీ ఫండ్ (సైనికుల ప్రావిడెంట్ ఫండ్), ఏజీఐ (ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్) మెచ్యూరిటీ, లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్. ముందు ఆ మొత్తం కూడి చూడండి. అవసరాలు అందులోనే తీరిపోతే పెన్షన్ జోలికి ఎందుకు? వచ్చాడని తెలియగానే చేబదులు అడిగేవాళ్లు ఊళ్లో ఎలాగూ తయారవుతారు. చేతిలో డబ్బు ఎంత ఎక్కువుంటే వాళ్లకు కాదని చెప్పడం అంత కష్టం.

రెండో ఉద్యోగం ఖాయంగా ఉన్నవాడి సంగతి వేరు. ప్రభుత్వ బ్యాంకుల్లో క్లర్కు పోస్టుల్లో మాజీ సైనికులకు 14.5 శాతం కోటా ఉంది. ఆ జీతం వస్తుంటే 12,000 కోత తెలియను కూడా తెలియదు. ఉద్యోగం రాక, అప్పూ లేక, ఇద్దరు పిల్లలు కాకినాడలోనో రాజమండ్రిలోనో చదువుతుంటే మాత్రం నెలనెలా 12,000 తగ్గడం గట్టి దెబ్బే. అలాంటివాళ్లకు నేను చెప్పేది: అమ్మకండి, లేదా అవసరమైనంతే, పావు వంతు అమ్మండి. ఫారంలో సగమే రాయాలన్న రూలేమీ లేదు.

ఇప్పుడు గ్రౌండ్లలో పరుగులు తీస్తున్న కుర్రాళ్లలో చాలామందికి ఈ తర్జనభర్జనే లేదు. అగ్నివీరులకు నాలుగేళ్ల చివర సేవానిధి 11.71 లక్షల దాకా వస్తుంది. ఆ తర్వాత రెగ్యులర్‌గా తీసుకునే పావు వంతు మందికి తప్ప పెన్షన్ ఉండదు.

15 ఏళ్ల గడువు మరీ ఎక్కువని పెన్షనర్లు చాలాకాలంగా అంటున్నారు. కేరళ తన ఉద్యోగులకు 12 ఏళ్లకే తిరిగి కలుపుతోంది. పెన్షనర్ల వాదనలో న్యాయముంది, కానీ మీ లెక్క ఇప్పుడున్న 15 మీదే వేసుకోండి. కోత మొదలైన తేదీ రాసి పెట్టుకుని, గడువు తీరాక పెన్షన్ పూర్తిగా కలిసిందో లేదో రక్షణ శాఖ పెన్షన్ పోర్టల్ స్పర్శ్‌లో చూసుకోండి.

ఎటూ తేలకపోతే తొందరపడాల్సిన పనీ లేదు. రిటైరైన ఏడాది లోపు అడిగితే మెడికల్ పరీక్ష లేకుండానే కమ్యుటేషన్ ఇస్తారు. వయసు ఒక ఏడాది పెరిగితే గుణకం 9.090 నుంచి 9.075కు దిగుతుంది. మన హవల్దారుకు ఆ తేడా 2,160 రూపాయలు. ఇంటికొచ్చి, అప్పుల లెక్క తేల్చి, ఉద్యోగం సంగతి చూసుకుని, భార్యతో మాట్లాడి అప్పుడు రాయొచ్చు. ఒకసారి అమ్మాక వెనక్కి తీసుకోవడం మాత్రం కుదరదు.