మెరానోనా, కల్టెర్న్ సరస్సా: దక్షిణ టిరోల్‌లో బసకు ఏది మేలు?

ఇటలీ ఉత్తరపు కొసన, ఆస్ట్రియాను ఆనుకుని ఉన్న దక్షిణ టిరోల్‌కు సెలవులకు వెళ్లేవారు ముందుగా తేల్చుకోవలసింది బస ఎక్కడన్నదే. మెరానో పట్టణం, కల్టెర్న్ గ్రామం, రాజధాని బోల్జానో, ఈ మూడూ దగ్గర దగ్గరగానే ఉన్నాయి. మూడింటి చుట్టూ ద్రాక్షతోటలూ, వాటి వెనక కొండలే. అయినా ఏ నెలలో వెళ్తున్నారు, వెంట ఎవరెవరు ఉన్నారు అన్న రెండు విషయాలను బట్టి ఒకచోట హాయిగా గడిచే సెలవు మరోచోట ఉసూరుమనిపించవచ్చు.

ఆల్ప్స్ నడుమ ఈ వెచ్చదనం ఎక్కడిదంటే, ఉత్తరాన మూడు వేల మీటర్లు దాటిన టెక్సెల్ పర్వతాలు చలిగాలిని అడ్డుకుంటాయి, దక్షిణాన ఆదిజె నది లోయ తెరుచుకుని ఉండడం వల్ల గార్డా సరస్సు వైపు నుంచి మధ్యాహ్నాలు ఓరా అనే గాలి ఎగువకు వీస్తుంది. అందువల్లనే మంచు శిఖరాలు కనబడే చోటనే ఖర్జూర జాతి చెట్లు, సైప్రస్‌లు, అంజూరాలు పెరుగుతున్నాయి. విజయవాడలోనో ఖమ్మంలోనో ఉండేవారికి వెచ్చదనం కోసం అంత దూరం వెళ్లడం విడ్డూరంగానే తోస్తుంది. అయితే మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తూ ఏప్రిల్ దాకా కోటు విప్పని కొడుకుకూ, మే నెల ఎండలు తప్పించుకుని అతని దగ్గరకు వచ్చిన తల్లిదండ్రులకూ ఒకేసారి నచ్చగల వాతావరణం ఐరోపాలో ఎక్కువ చోట్ల దొరకదు. మ్యూనిక్ నుంచి బ్రెన్నర్ కనుమ మీదుగా బోల్జానోకు రైల్లో సుమారు నాలుగు గంటలు.

మెరానో పాత ఆరోగ్య విడిది. 1870లో ఆస్ట్రియా సామ్రాజ్ఞి ఎలిజబెత్ ఇక్కడికి వచ్చి చలికాలం గడిపిన తరువాత ఐరోపా కులీనులందరి చూపూ ఈ ఊరి మీద పడింది. ఆ కాలంలో వైద్యులు రోజూ ఇన్నేసి ద్రాక్షపళ్లు తినమని చికిత్సగా రాసి ఇచ్చేవారు. ఆమె బస చేసిన ట్రౌట్‌మన్స్‌డార్ఫ్ కోట చుట్టూ 2001లో తెరిచిన 12 హెక్టార్ల ఉద్యానం ఒక్కటే ఒక పూట తీసుకుంటుంది. ఊరి నడుమ 2005 నుంచి నడుస్తున్న వేడినీటి స్నానశాల ఏడాది పొడవునా ఉంటుంది కాబట్టి వాన పడినా రోజు వృథా కాదు. కుటుంబంతో వెళ్లేవారు ఒక సంగతి ముందే తెలుసుకోవాలి: కొలనుల వైపు ఈత దుస్తులు తప్పనిసరి, ఆవిరి గదుల వైపు మాత్రం ఆడా మగా కలిసి బట్టలు లేకుండా కూర్చోవడం ఈ ప్రాంతపు ఆచారం.

నా దృష్టిలో మెరానోకు అసలు బలం కోట కాదు, స్నానశాల కాదు, కాలువ గట్లు. కొండవాలు తోటలకు నీరు మళ్లించడానికి శతాబ్దాల కిందట తవ్విన సన్నని కాలువలను ఇక్కడ వాల్ అంటారు. వాటి గట్టున కాపలాదారు నడిచిన బాటే ఇప్పుడు విహారపు దారి. వాటిలో మార్లింగ్ కాలువ గట్టు సుమారు 12 కిలోమీటర్లు. నీరు మెల్లగా పారేలా తవ్వారు కనుక దారి దాదాపు చదునుగా ఉంటుంది; మోకాళ్ల నొప్పులున్నవారు కూడా ఒకవైపు ఆపిల్ తోటలు, మరోవైపు కింద లోయ చూసుకుంటూ ఓపికున్నంత దూరం నడిచి, ఏదో ఒక గ్రామం దగ్గర దిగిపోవచ్చు. అక్కడక్కడా కాలువలో చిన్న నీటిచక్రం తిరుగుతూ ఒక సుత్తితో గంటను కొడుతుంటుంది. గంట మోగినంతసేపూ నీరు సక్రమంగా పారుతున్నట్టు. ఆగిపోయిందంటే పైన ఎక్కడో చెత్త అడ్డుపడిందనో గండి పడిందనో గ్రహించి కాపలాదారు బయలుదేరేవాడు.

కల్టెర్న్ తీరు వేరు. ఇక్కడ పట్టణం లేదు, గ్రామమూ సరస్సూ ఉన్నాయి. సముద్రమట్టానికి కేవలం 216 మీటర్ల ఎత్తున, కొద్ది మీటర్ల లోతుతో ఉన్న ఈ సరస్సు నీరు తొందరగా వేడెక్కి, నడివేసవిలో 28 డిగ్రీల దాకా చేరుతుంది. ఆల్ప్స్ సరస్సుల్లో కాలు పెడితే జివ్వుమనే చలి అలవాటైనవారికి ఇది నమ్మశక్యం కాదు. పిల్లలతో జులై, ఆగస్టులలో వెళ్లేవారికి ఇంతకు మించిన చోటు ఈ జిల్లాలో లేదనే చెప్పాలి. ఎండ మరీ ముదిరితే మెండెల్ కనుమకు ఎక్కే 1903 నాటి తాడు రైలు ఉంది; అది 64 శాతం దాకా ఉన్న ఏటవాలు మీదుగా 12 నిమిషాల్లో 850 మీటర్ల పైకి, చల్లని పైన్ అడవిలోకి చేరుస్తుంది.

ద్రాక్షసారా మీద ఆసక్తి ఉన్నవారికి కూడా కల్టెర్నే దగ్గరి దారి. 1964లో ఏర్పడిన దక్షిణ టిరోల్ ద్రాక్షసారా మార్గం ఈ ఊరి మీదుగానే సాగుతుంది. రైతుల సహకార సంఘాలు నడిపే సారా గిడ్డంగుల్లో నిలబడి రుచి చూడవచ్చు. వెర్నాచ్ ద్రాక్షతో చేసే ఇక్కడి ఎర్రసారా పలచన, కొంచెం చల్లగా ఇస్తారు. పక్క ఊరు ట్రామిన్‌లో గెవుర్ట్స్‌ట్రామినర్ తెల్లసారాకు గులాబీ, లిచీ పరిమళం ఉంటుంది. తాగనివారూ ఈ తోటల్లో నడవవలసిందే. పాత తోటలు ఇప్పటికీ పందిరి మీదే ఉన్నాయి. హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ పందిళ్లు చూసినవారు వెంటనే పోల్చుకుంటారు. కాకపోతే ఇక్కడి పందిరి వసారా కప్పులా ఒకవైపుకు ఎత్తుగా వాలి ఉంటుంది, గుత్తులు ఆకుల నీడలో కిందికి వేలాడుతుంటాయి.

కల్టెర్న్ లోపాలు కూడా చిన్నవి కావు. రైలు లేదు, బోల్జానో నుంచి బస్సు ఎక్కాలి. గ్రామం నుంచి సరస్సు నాలుగైదు కిలోమీటర్ల దిగువన ఉంది, అంటే ఈతకు వెళ్లిన ప్రతిసారీ మరో బస్సు, లేదా కారు. చలికాలంలో ఊరు నిద్రపోతుంది. ఆగస్టు 15 ఇటలీ అంతటికీ పెద్ద సెలవు కాబట్టి ఆ వారంలో ఒడ్డున చాప పరుచుకునే చోటు కూడా గగనమే.

బోల్జానో గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. 1991లో మంచులో బయటపడిన, సుమారు 5,300 ఏళ్ల నాటి మనిషి ఓట్జీ మృతదేహాన్ని చూడడానికి ఒక రోజు తప్పకుండా వెళ్లాలి, కానీ రాత్రి బసకు కాదు. కొండల మధ్య గిన్నెలాంటి చోట ఉండడం వల్ల వేసవిలో ఇటలీలోకెల్లా వేడి నగరాల్లో ఇదొకటి. మెరానో నుంచి రైల్లో ముప్పావుగంటే.

శాకాహారులకు మూడు చోట్లా ఒకటే పరిస్థితి. పాలకూర, జున్ను కూరి కజ్జికాయల్లా మడిచిన ష్లూట్స్‌క్రాప్‌ఫెన్ అనే పాస్తాను నిశ్చింతగా అడగవచ్చు. రొట్టెతో చేసే క్నోడెల్ ఉండల్లో తరచుగా స్పెక్ అనే పొగబెట్టిన పంది మాంసం కలుస్తుంది కాబట్టి పాలకూర ఉండలా, జున్ను ఉండలా అని విడమరచి అడగాలి. పైకి అమాయకంగా కనిపించే బార్లీ సూప్‌లోనూ సాధారణంగా ఆ మాంసమే ఉంటుంది.

ఏప్రిల్, మే నెలల్లో పెద్దవాళ్లతో, కారు లేకుండా వెళ్లేవారికి మెరానో తప్ప మరొకటి నేను సూచించను; ఆపిల్ పూత చూడాలంటే ఏప్రిల్ తొలి సగమే నయం. పిల్లలున్నవారు జులైలో, కారుతో, కల్టెర్న్‌కే వెళ్లాలి. చిక్కంతా కోతల కాలమైన సెప్టెంబరు, అక్టోబరులతోనే. సెప్టెంబరు తొలి వారాల్లో ఈతకూ వీలుంటుంది, తోటల్లో కోతలూ సాగుతుంటాయి కనుక కల్టెర్న్‌కు మొగ్గు చూపుతాను. అక్టోబరు వచ్చేసరికి నీరు చల్లబడుతుంది, మెరానోలో ద్రాక్ష పండుగ, కొండల మీది పొలాల ఇళ్లలో కాల్చిన చెస్ట్‌నట్‌లతో కొత్త సారా విందులు మొదలవుతాయి. ఎక్కడ దిగినా, బస ఇచ్చేవారు ప్రాంతీయ అతిథి పాస్ ఇస్తారో లేదో గది ఖాయం చేసుకునే ముందే అడగండి. అది ఉంటే జిల్లా అంతటా బస్సులకూ స్థానిక రైళ్లకూ విడిగా టికెట్ కొననక్కర లేదు, మెరానోలో ఉంటూనే కల్టెర్న్ సరస్సుకు ఒక రోజు వెళ్లి రావచ్చు.