రేడియేటర్ కారుతోంది: పసుపా, అతుకా, కొత్తదా?

విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్తుంటే సూర్యాపేట దాటాక టెంపరేచర్ ముల్లు పైకి లేచింది. పదమూడేళ్ల కారు. నెల రోజులుగా రిజర్వ్ బాటిల్‌లో మట్టం తగ్గుతుంటే నీళ్లు పోసి సరిపెట్టుకుంటూ వచ్చాను. బానెట్ ఎత్తి దిక్కులు చూస్తుంటే ఓ లారీ డ్రైవర్ ఆగి, "చల్లారాక రెండు చెంచాల పసుపు వేసి నీళ్లు పోయండి సార్, ఊరు చేరిపోతారు" అన్నాడు. ముప్పావు గంట ఆగి, మూతకు గుడ్డ చుట్టి మెల్లగా తిప్పి, పసుపు వేశాను. కారడం పూర్తిగా ఆగలేదు కానీ బాగా తగ్గింది, ఇల్లు చేరాను.

ఆ తర్వాత ఇంట్లో చర్చ. పసుపుతోనే నెట్టుకొద్దామా, అతుకు వేయిద్దామా, కొత్త రేడియేటర్ కొందామా?

అసలు కారేది ఎక్కడినుంచో తెలియకుండా ఈ లెక్క తేలదు. నేనూ మొదట తప్పే చేశాను. కారు కింద తడి చూసి కంగారుపడితే అది ఏసీ నీళ్లని తేలింది. ఏసీ నీళ్లకు రంగు, వాసన ఉండవు. ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, ఆకుపచ్చగానో ఎర్రగానో ఉంటుంది, వేలికి కాస్త జిడ్డుగా తగులుతుంది, తియ్యటి వాసన వస్తుంది. (ఆ తీపికి కుక్కలు నాకుతాయి, అది వాటికి విషం. నేల మీద పడితే వెంటనే కడిగేయండి.) రాత్రి ఇంజిన్ కింద అట్టముక్క పరిచి పొద్దున చూస్తే చుక్క ఏ వైపు పడుతోందో తెలుస్తుంది. ముందు సీటు దగ్గర కార్పెట్ జిగటగా తడిసి, అద్దం మీద ఆవిరి పడుతుంటే హీటర్ కోర్‌ను (డ్యాష్‌బోర్డు వెనక ఉండే చిన్న రేడియేటర్) అనుమానించాలి. వాటర్ బాడీ (కూలెంట్‌ను తిప్పే పంపు) కింద చిన్న బెజ్జం నుంచి తెల్లటి చార దిగి ఉంటే దాని సీలు పోయినట్టే.

నా కారులో ఇవేవీ కనపడలేదు. ఆటోనగర్‌లో మెకానిక్ బాబాయ్ ఒకాయన రేడియేటర్ మూత తీసి, ఆ స్థానంలో గేజ్ ఉన్న చేతి పంపు బిగించాడు. నా కారు మూత మీద 0.9 అని ఉంది, అది అది తట్టుకునే ప్రెషర్ (బార్‌లలో). గాలి అంతవరకే కొట్టాలట. ఇంజిన్ చల్లగానే ఉంది. ఐదు నిమిషాలు ఏమీ లేదు. తర్వాత గేజ్ ముల్లు వెంట్రుకవాసి దిగింది. టార్చి వేసి చూస్తే, ఫ్యాన్ కవర్ వెనక, రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు దాని అల్యూమినియం కోర్‌ను (గొట్టాలు, రేకులు ఉండే మధ్య భాగం) కలిసే అంచున ఒక పచ్చటి బొట్టు. చూస్తుండగానే గుండ్రంగా పెరిగి జారిపోయింది. ఇంజిన్ వేడి మీద ఉంటే ఆ కాస్త తడీ అక్కడికక్కడే ఆవిరైపోతుంది. నెల రోజులు దొరకకపోవడానికి కారణం అదే.

ఇక పోలిక. పసుపు వేడి నీళ్లలో ఉబ్బి సన్న బెజ్జంలో ఇరుక్కుంటుంది. షాపులో దొరికే, లీకు ఆపే స్టాప్‌లీక్ మందు సీసాలు చాలావరకు చేసే పనీ ఇంచుమించు ఇదే. ఇబ్బందేమిటంటే బెజ్జం ఏదో, కూలెంట్ వెళ్లే సన్నటి దారి ఏదో దానికి తెలియదు. హీటర్ కోర్‌లో, రేడియేటర్ గొట్టాల్లో కూడా పేరుకుంటుంది. పైపు చీలినా, వాటర్ బాడీ సీలు పోయినా ఎందుకూ పనికిరాదు. నడిరోడ్డు మీద నేనైతే మళ్లీ వేస్తాను, ఇంటి దగ్గర మాత్రం వేయను.

అతుకు సంగతి రేడియేటర్‌ను బట్టి ఉంటుంది. పాత అంబాసిడర్లకు ఉండే రాగి, ఇత్తడి రేడియేటర్ అయితే రెండో ఆలోచన లేకుండా బాగు చేయించుకోవచ్చు. ట్యాంకు ఊడదీసి, గొట్టాల్లో కడ్డీ దూర్చి చిలుము గీకి, టంకం వేస్తే మళ్లీ ఏళ్ల తరబడి నడుస్తుంది. ఇప్పటి ప్లాస్టిక్ ట్యాంకుకు టంకం అతకదు. కోర్ అంచున ఉన్న అల్యూమినియం పళ్లు వంచి, లోపలి రబ్బరు మార్చి, మళ్లీ నొక్కుతారు. వంచిన ప్రతిసారీ ఆ పళ్లు బలహీనపడతాయి. పదేళ్ల వేడికి ట్యాంకు కూడా పెళుసెక్కి ఉంటుంది. ఎపాక్సీ జిగురు పూస్తే కొన్నాళ్లు ఆగుతుంది, అంతే. అతుకుకు నన్ను అడిగింది కొత్తదాని ధరలో దాదాపు సగం. దానికి మళ్లీ విప్పి బిగించే కూలి అదనం.

కొత్తదే కొన్నాను. చవక రకం ఒకటి చూపించారు గానీ దాని కోర్ పలచగా ఉంది. మన ఎండల్లో, ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో నిలబడే కారుకు అక్కడ పొదుపు చేయబుద్ధి కాలేదు. పాతది పక్కన పెట్టి మందం పోల్చి చూసి మరీ తీసుకున్నాను. మూత కూడా మార్పించాను. దాని స్ప్రింగు వదులైతే కూలెంట్ తక్కువ వేడికే మరుగుతుంది.

ఒక్క మాట. ఇంజిన్ ఆన్‌లో ఉండగా రేడియేటర్‌లో బుడగలు ఆగకుండా వస్తున్నా, ఆయిల్ పాలు కలిపిన టీలా మారినా, బండి వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ వస్తున్నా, పసుపు, అతుకు, కొత్త రేడియేటర్ మూడూ దండగే. హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పోయి ఉండొచ్చు. బండిని అక్కడే ఆపి టోయింగ్ పిలవడం నయం.

రేడియేటర్ మారిన మూడో వారం పై హోస్ పైపు చివర చెమ్మ కనపడింది. "ఇన్నాళ్లూ లీకుల వల్ల ప్రెషర్ నిలబడలేదు బాబూ, ఇప్పుడు నిలబడుతోంది, పాత పైపు ఓర్చుకోలేకపోతోంది" అన్నాడు బాబాయ్. పైపూ క్లిప్పులూ కొత్తవి వేసి, బోరు నీళ్లు కాకుండా డిస్టిల్డ్ వాటర్‌తో సగానికి సగం కూలెంట్ కలిపి నింపాడు. ఇప్పుడు బాటిల్ మీద నేను మార్కర్‌తో గీసిన గీత దగ్గరే మట్టం ఉంటోంది. అడుగున పసుపు మరక మాత్రం ఎంత కడిగినా పోవడం లేదు.