గిత్తలకు కొన్న డిజిటల్ థర్మామీటరు: నాలుగు స్టార్లు

పశువుల మందుల షాపులో మూడొందల లోపే వచ్చింది. మలద్వారంలో పెట్టి చూసేది, మొన వంగే రకం, వెనక దారం కట్టుకోను చిన్న బెజ్జం. మాది ప్రకాశం జిల్లా. ఆరు పళ్ళు వచ్చిన గిత్తల జత ఉంది, తిరునాళ్ళకి బండలాగుడు పందేలకు తోలతాం. జ్వరం కోసం కాదు, సాధన చేయించి కాడి దింపాక ఒళ్ళు ఎంత కాగిందో తెలియాలనే కొన్నాను.

మొన వంగడం పెద్ద సుఖం. మా దాపటి (కాడికి ఎడమవైపు కట్టే) గిత్త తోక ఎత్తితే చాలు పక్కకు గెంతుతుంది, అయినా లోపల గుచ్చుకోదు. దారానికి బట్టల క్లిప్పు కట్టి తోక వెంట్రుకలకు తగిలిస్తే జారినా పేడలో పడదు. మొనను కాస్త పక్కకు వంచి మలద్వారం లోపలి గోడకు ఆనించాలి. పేడలో గుచ్చితేనో, పేడ వేసిన వెంటనే పెడితేనో తక్కువ చూపిస్తుంది. బీప్ కొట్టినా ఇంకో అర నిమిషం ఉంచండి, అంకె ఇంకాస్త ఎక్కుతుంది.

ఇక అసలు సంగతి. పొద్దున కాడి కట్టకముందు 101.2 ఫారన్‌హీట్. పశువుకు 101.5 అటూ ఇటూ మామూలే. తోక మొదట్లో అడుగువైపు వేలు పెడితే నాడి నిమిషానికి అరవై దరిదాపు, డొక్క ఎగరడం, అంటే ఊపిరి, ఇరవై పైచిలుకు. బండ లాగించి దింపగానే 104.3. నాడి నూట ఇరవై దాకా, డొక్క లెక్కకి అందనంత. నీడన కట్టేసి ఇరవై నిమిషాలాగి చూస్తే నాడి ఎనభైకి దిగింది. డొక్క మాత్రం ఇంకా అరవై కొడుతోంది. ఒళ్ళు చూస్తే 103.6.

మా ఊళ్ళో ఇలా రొప్పుతుంటే ‘దమ్ము లేదు, ఇంకా సాధన కావాలి’ అంటారు. దమ్ముకీ దీనికీ పొత్తు లేదు. కండ ఖర్చు పెట్టే శక్తిలో నాలుగో వంతు కూడా బండను కదిలించదు, మిగతాదంతా వేడే. లాగేటప్పుడు గుండె వేగంగా కొట్టేది కండలకు రక్తం తోలడానికి. ఆ పని అయ్యాక ఆ వేడి నెత్తురును చర్మానికి పంపి చల్లార్చాలి, శ్వాస దారిలోని తడిని ఆవిరిగా బయటికి తోలాలి. అందుకే గాలి అవసరం తీరినా డొక్క ఆగదు. ఈ అంకె లేకపోతే ఆ తేడా కంటికి తెలీదు. ఇప్పుడు 102 దిగువకు రాకుండా రెండో విడత కట్టడం మానేశాం. సంక్రాంతి చలిలో తొందరగానే దిగుతుంది. ఎండాకాలం ఉక్కపోతలో చెమట ఆరదు, గంట దాటినా మొరాయిస్తుంది. అప్పుడు ఒళ్ళంతా నీళ్ళు పోసి ఫ్యాను పెడతాం. ఒట్టి నీళ్ళకంటే గాలి తోడైతే అంకె గబగబా పడుతుంది, మీరే పెట్టి చూడండి.

ఒంగోలు గిత్తకు చెమట గ్రంథులు బాగా ఉంటాయి, తెల్లటి ఒళ్ళు, వేలాడే గంగడోలు. కాబట్టి ఇదంతా తట్టుకుంటుంది. మా ముర్రా గేదె బండ లాగకుండా ఎండలో ఊరికే నిలబడినా రొప్పుతుంది. నల్ల చర్మం, చెమట తక్కువ, చెరువు ఉంటేనే దానికి ప్రాణం.

మా బాబాయి దగ్గర నుదుటికి గురిపెట్టే గన్ను ఉంది. దాని జోలికి పోకండి. ఎండలో ఉన్న వీపు మీద ఒక అంకె, నీళ్ళు పోసిన మెడ మీద ఇంకోటి. అది చెప్పేది తోలు మీది వేడి, లోపలిది కాదు.

ఒక స్టారు ఎందుకు కోశానంటే, తెర మీద అంకెలు ఎండలో కనపడవు, అరచెయ్యి అడ్డం పెట్టుకోవాలి. పందెం మైకుల మధ్య బీప్ వినపడదు. చివరి అంకె ఒక్కటే గుర్తు పెట్టుకుంటుంది, జతకి రెండూ చూడాలంటే కాగితం పెన్సిలు ఉండాల్సిందే. పెట్టె మూత వారానికే ఊడింది.

సెల్సియస్‌కు మారే మీట వెనకే ఉంది, చెయ్యి తగిలి మారిపోతుంది. 38.6 అని కనపడితే కంగారు పడకండి, అది 101.5 అన్నమాటే. బ్యాటరీ వాచీ షాపులో దొరికే బిళ్ళే, ఎల్ఆర్ 41 అని అడగండి.