గోధుమ మానేసి చూడటమా, ఇన్‌టాలరెన్స్ ప్యాకేజా, సీలియాక్ రక్తపరీక్షా: ముందు ఏది మేలు?

మా చెల్లెలికి రెండేళ్లు హిమోగ్లోబిన్ ఎనిమిది దాటలేదు. ఐరన్ మాత్రలు మార్చారు, ఇంజెక్షన్లు కూడా వేశారు. నెలలో సగం రోజులు విరేచనాలు, తిన్నా తినకపోయినా కడుపు ఉబ్బరం. గ్యాసే అన్నారు అందరూ. తెలిసినవాళ్లెవరో గోధుమ మానేయమంటే మానేసింది, నెల తిరిగేసరికి తేరుకుంది. ఆరు నెలల తర్వాత ఒక గ్యాస్ట్రో డాక్టరు, గోధుమ తింటే పేగు దెబ్బతినే సీలియాక్ జబ్బుకు పరీక్ష రాశారు. రిపోర్టు నెగిటివ్. గోధుమ మానేశాక వచ్చే నెగిటివ్‌ను నమ్మడానికి లేదని మాకు అప్పుడే తెలిసింది. పరీక్ష కోసం తను మళ్లీ ఆరు వారాలు రోజూ చపాతీ తిని నరకం చూసింది. అందుకే ఇంత పట్టుబట్టి రాస్తున్నాను.

సీలియాక్ అంటే అలర్జీ కాదు. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లోని గ్లూటెన్ అనే ప్రోటీన్ లోపలికి వెళ్లినప్పుడు మన రోగనిరోధక వ్యవస్థే చిన్నపేగు పొరను దెబ్బతీస్తుంది. గ్లూటెన్ ఆపేస్తే ఆ వ్యవస్థ తయారుచేసే యాంటీబాడీలు రక్తంలో తగ్గిపోతాయి, పేగు కూడా మెల్లగా మానుతుంది. ఇక పరీక్షకు దొరికేదేముంటుంది? పైగా గోధుమ మానేస్తే హాయిగా ఉందంటే సీలియాక్ అనీ చెప్పలేం. గోధుమలో ఫ్రక్టాన్లనే పిండిపదార్థం ఉంటుంది, కొందరికి ఉబ్బరం దానివల్లే. వాళ్లు కాస్త తగ్గించి తింటే చాలు. సీలియాక్ అయితే జీవితాంతం పూర్తిగా మానాలి. ఈ తేడా తెలియకుండా బతకడం కష్టం.

ఇక ఏ తిండి ఒంటికి పడదో (ఇన్‌టాలరెన్స్) చెబుతామనే రెండొందల ఆహారాల ప్యాకేజీ. వేలు పొడిచి చుక్క రక్తం తీసుకుని, రంగురంగుల పట్టిక ఇస్తారు. ఇందులో చూసేది ఎక్కువగా ఐజీజీ అనే రకం యాంటీబాడీలు. మనం ఒక పదార్థం తింటున్నామనడానికి అవి గుర్తు, అది పడటం లేదనడానికి కాదు. అందుకే రోజూ తినే కందిపప్పు, పెరుగు, గుడ్డు లాంటివే ఎర్ర గడిలో కనిపిస్తుంటాయి. ఇన్‌టాలరెన్స్ తేల్చడానికి ఈ పరీక్ష వాడొద్దని యూరప్ అలర్జీ నిపుణుల సంఘం 2008లో, కెనడా సంఘం 2012లో చెప్పాయి. ఆ పట్టిక చూసి ఎదిగే పిల్లలకు పాలు, పప్పు, గుడ్డు మాన్పిస్తుంటే నాకు బాధగా ఉంటుంది. డబ్బు పోతే పోయింది, ఆ పిల్లల తిండి సంగతేమిటి? నా మాటగా చెబుతున్నాను, ఈ ప్యాకేజీ వద్దు.

మొదట చేయించాల్సింది సీలియాక్ యాంటీబాడీలను చూసే టీటీజీ ఐజీఏ అనే మామూలు రక్తపరీక్ష. దాంతోపాటు టోటల్ ఐజీఏ కూడా రాయమని అడగండి. కొందరి ఒంట్లో పుట్టుకతోనే ఈ ఐజీఏ రకం యాంటీబాడీ ఉండదు, వాళ్లకు జబ్బున్నా టీటీజీ నెగిటివ్ అనే చూపిస్తుంది. అప్పుడు ఐజీజీ రకం సీలియాక్ పరీక్ష చేస్తారు. ప్యాకేజీలో చూసే ఐజీజీ వేరు, ఇది వేరు. పరగడుపున వెళ్లక్కర్లేదు. అంతకుముందు కనీసం ఆరు వారాలు రోజూ ఒకపూట కంటే ఎక్కువ గోధుమ తిని ఉండాలి, అంతే.

పాజిటివ్ వస్తే పెద్దవాళ్లకు సాధారణంగా ఎండోస్కోపీ చేసి చిన్నపేగు మొదటి భాగం నుంచి నాలుగైదు చిన్న ముక్కలు తీసి పరీక్షిస్తారు (బయాప్సీ). నొప్పి కంటే టెన్షనే ఎక్కువని మా చెల్లెలు అంది. మన దేశంలో పేగు టీబీ, ట్రాపికల్ స్ప్రూ అనే పేగు జబ్బు, జియార్డియా అనే పరాన్నజీవి కూడా పేగు పొరను అలాగే పాడు చేయగలవు. కాబట్టి బయాప్సీ ఒక్కటే చూసి తేల్చేయకూడదు, రక్తపరీక్షతో కలిపి చూడాలి.

జన్యు పరీక్ష సంగతి వేరు. డీక్యూ2, డీక్యూ8 అనే జన్యువులు రెండూ లేకపోతే సీలియాక్ లేదని దాదాపు ఖాయం. ఉంటే మాత్రం ఏమీ తేలదు, మనలో మూడోవంతు మందికి అవి ఉంటాయి. ఇప్పటికే గోధుమ మానేసి, మళ్లీ తినలేనివాళ్లకు ఇది పనికొస్తుంది.

పాలు పడటం లేదనే అనుమానానికి హైడ్రోజన్ శ్వాస పరీక్ష ఉంది. నేనైతే ముందు రెండు వారాలు పాలు మాని, మళ్లీ తాగి చూస్తాను. ఇక్కడ మానేసి చూడటంలో తప్పులేదు.

మనం అన్నం తినేవాళ్లం, మనకెందుకు అంటారు చాలామంది. 2016లో వెలువడిన దేశవ్యాప్త అధ్యయనంలో సీలియాక్ యాంటీబాడీలు ఉత్తరాదిలో 1.23 శాతం మందికి ఉంటే, దక్షిణాదిలో 0.10 శాతం మందికే ఉన్నాయి. జన్యువులు మాత్రం రెండుచోట్లా దాదాపు సమానమే. తేడా తినే గోధుమలో ఉంది: అక్కడ రోజుకు 455 గ్రాములు, ఇక్కడ 25. షుగర్ భయంతో రాత్రి అన్నం బదులు పుల్కాలు తినే ఇళ్లు మన చుట్టూ ఎన్ని పెరిగాయో చూడండి.

మా చెల్లెలికి రెండోసారి పాజిటివ్ వచ్చింది, బయాప్సీలోనూ తేలింది. చపాతీ మానడం తేలికే. కష్టమల్లా ఇంగువతో, పిండిమరతో. డబ్బా ఇంగువలో చాలావాటిలో మైదా కలుపుతారు. గోధుమ ఆడిన మరలోనే జొన్నలు పోస్తే ఆ రొట్టె ఇక తనకు పనికిరాదు. ఇప్పుడు జొన్నలు ఇంట్లోనే మిక్సీలో పట్టుకుంటోంది.

అమ్మానాన్నలు, తోడబుట్టినవాళ్లు, పిల్లలు కూడా పరీక్ష చేయించుకోవాలని డాక్టరు చెప్పారు. అమ్మకీ నాకూ లేదు. చెల్లెలి కూతురికి ఆరేళ్లు, ఏడాదిగా ఎత్తు పెరగలేదు. ఈసారి గోధుమ ఆపకుండానే పాప రక్తం ఇచ్చాం. టీటీజీ మామూలు హద్దుకు పది రెట్లు దాటి, రెండోసారి తీసిన రక్తంలో ఇంకో యాంటీబాడీ కూడా కనిపిస్తే పిల్లల్లో ఎండోస్కోపీ లేకుండానే నిర్ధారించవచ్చట. రిపోర్టు వచ్చేదాకా పాపకు రోజూ చపాతీ పెడుతూనే ఉన్నాం.